రాజు పోయాక ఊరు మోసిన నాటకశాల

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో యూరప్ సంగీత నాటకశాలల మీద వచ్చిన వ్యాసాన్ని ఆసక్తిగా చదివాను. జర్మనీలో ఓ మోస్తరు ఊళ్ళకు సైతం సొంత ఒపెరా ఉండటానికి కారణం అక్కడి రాజులు, ప్రభువులు వదిలివెళ్ళిన వైభవమేననీ, రాజపోషణ ఎరగని చోట ఇలాంటి సంస్థలు నిలవవనీ వ్యాసకర్త తేల్చేశారు. జర్మన్ కవి, నాటకకర్త షిల్లర్ రాసిన ‘బందిపోట్లు’ నాటకం తొలిసారి వైమార్‌లో ఆడిందని కూడా రాశారు. ఈ రెండింటిలో మొదటిది పొరపాటు అభిప్రాయం, రెండోది పొరపాటు సమాచారం. నేను పదకొండేళ్ళుగా రైన్ నది ఒడ్డున లుడ్విగ్స్‌హాఫెన్‌లో ఉంటున్నాను. వంతెన దాటితే మాన్‌హైమ్ నగరం. ఆ ఊరి నాటకశాల చరిత్ర ఈ రెండు పొరపాట్లకూ జవాబు చెబుతుంది కనుక కాస్త వివరంగా రాస్తున్నాను.

రాజుల పాత్ర ఏమీ లేదని నేను అనడం లేదు. 18వ శతాబ్దం మధ్యలో, మాన్‌హైమ్ రాజధానిగా ఉన్న పాలటినేట్ రాజ్యపు పాలకుడు కార్ల్ థియోడోర్ మాన్‌హైమ్ కొలువులో పోషించిన వాద్యబృందానికి యూరప్ అంతటా పేరుండేది. సన్నగా మొదలై అంచెలంచెలుగా పెరిగి సభామందిరాన్ని కమ్మేసే వాళ్ళ వాద్యధాటిని సంగీతం తెలిసినవారు ఈనాటికీ ‘మాన్‌హైమ్ క్రెషెండో’ అనే పిలుస్తారు. 1777 అక్టోబరులో మోట్సార్ట్ ఆ కొలువులో ఉద్యోగం సంపాదించాలని వచ్చి నాలుగు నెలలకు పైగా ఇక్కడే మకాం పెట్టాడు. ఉద్యోగం దొరకలేదు గానీ అలోయ్‌సియా వేబర్ అనే గాయని మీద మనసు పడింది. ఈ వేబర్ ఇంటిపేరును పాఠకులు గుర్తుపెట్టుకోవాలి, మళ్ళీ వస్తుంది.

ఆ డిసెంబరు 30న బవేరియా పాలకుడు సంతానం లేకుండా చనిపోవడంతో ఆ రాజ్యం కార్ల్ థియోడోర్‌కు సంక్రమించింది. మరుసటి ఏడాది ఆయన కొలువును మ్యూనిక్‌కు తరలించాడు, వాద్యకారుల్లో అధికభాగం ఆయన వెంటే నడిచారు. కొలువును నమ్ముకుని బతికిన దర్జీలు, రొట్టెల దుకాణాలవాళ్ళు, అద్దెల మీద ఆధారపడ్డ ఇళ్ళవాళ్ళు ఒక్క ఏడాదిలో దిక్కులేనివాళ్ళయ్యారు. ఆ ఊరిని ఊరడించడానికి రాజు ఇచ్చిపోయిందే ‘జాతీయ నాటకశాల’. డాల్‌బెర్గ్ అనే స్థానిక ప్రభువుకు నిర్వహణ అప్పగించగా, పాత గిడ్డంగిని రంగస్థలంగా మార్చి 1779 అక్టోబరు 7న తొలి ప్రదర్శన ఇచ్చారు. అంటే వ్యాసకర్త చెప్పిన రాజవైభవం మ్యూనిక్‌కు పోయింది. మాన్‌హైమ్‌కు మిగిలింది పరిహారం.

రెండేళ్ళకే ఆ పరిహారం జర్మన్ నాటక చరిత్రలోకి ఎక్కింది. స్టుట్‌గార్ట్‌లో సైనిక వైద్యుడిగా పనిచేస్తున్న 22 ఏళ్ళ షిల్లర్ రాసిన ‘బందిపోట్లు’ నాటకాన్ని డాల్‌బెర్గ్ 1782 జనవరి 13న ఆడించాడు. ఆడించాడే గానీ లోపల భయం ఉండనే ఉంది. నాటకంలో ఉన్నది వర్తమాన సమాజం మీద కోపం కాబట్టి, కథాకాలాన్ని మూడు వందల ఏళ్ళు వెనక్కి నెట్టి మధ్యయుగపు దుస్తులు వేయించాడు. ఆ దుస్తులు ఎవరినీ మభ్యపెట్టలేదు. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి గుర్రాల మీద, బండ్ల మీద వచ్చిన జనం మధ్యాహ్నం నుంచే సీట్ల కోసం కాచుకుని కూర్చున్నారు. దుష్టుడైన తమ్ముడు ఫ్రాన్స్ మోర్ వేషం కట్టిన ఇఫ్లాండ్ నటన ముగిసే వేళకు నాటకశాల పిచ్చాసుపత్రిలా మారిందనీ, ముక్కూమొహం తెలియనివాళ్ళు ఒకరినొకరు కావలించుకుని వెక్కివెక్కి ఏడ్చారనీ, స్త్రీలు సొమ్మసిల్లే స్థితిలో తలుపుల వైపు తూలుతూ నడిచారనీ చెప్పుకుంటారు. రచయిత ఇదంతా ప్రేక్షకుల మధ్య కూర్చుని చూశాడు. ఆయన వచ్చింది తన ప్రభువు అనుమతి లేకుండా, దొంగచాటుగా. ఆ వసంతంలో రెండోసారి అలాగే వచ్చి పట్టుబడితే ప్రభువు 14 రోజులు నిర్బంధించి, వైద్యం మీద తప్ప ఇంకేమీ రాయకూడదని ఆంక్ష పెట్టాడు. సెప్టెంబరులో షిల్లర్ స్టుట్‌గార్ట్ విడిచి పారిపోయాడు. మరుసటి ఏడాది మాన్‌హైమ్ ఆయనను నాటకశాల కవిగా ఒక్క సంవత్సరానికి నియమించుకుంది, గడువు ముగిశాక మళ్ళీ పొడిగించలేదు. ఇప్పుడు ఊరంతా షిల్లర్ పేరు తలుచుకుంటుంది, 1978 నుంచి ఆయన పేరిట నాటకోత్సవాలు కూడా జరుపుతోంది. ఆనాడు మాత్రం ఆయనను అప్పులతో, చలిజ్వరంతో వదిలేసింది.

వ్యాసకర్త దృష్టికి తేవలసిన అసలు సంగతి ఆ తర్వాతిది. 1803లో మాన్‌హైమ్ బాడెన్ రాజ్యంలో కలిసింది. కొత్త ప్రభువుల రాజధాని కార్ల్స్‌రూహే. వాళ్ళకు అక్కడ సొంత కొలువు నాటకశాల ఉంది. ఉన్నట్టుండి రాజధాని హోదా పోగొట్టుకున్న ఊరి నాటకశాల మీద ఏ రాజుకు ప్రేమ ఉంటుంది? చివరికి 1839లో నగరమే దాని పాలనను తన చేతుల్లోకి తీసుకుంది. జర్మనీలో ఒక నగరం స్వయంగా నడిపే నాటకశాలల్లో ఇదే మొట్టమొదటిదని చెబుతారు. నష్టం వస్తే భరించేది పురపాలక ఖజానా, జవాబు చెప్పవలసింది నగర సభకు. ప్రతి ఏటా బడ్జెట్ సమావేశంలో రోడ్లు, బడులు, మురుగుకాలువల పక్కనే సోప్రానో గాయని జీతం కూడా చర్చకు వస్తుంది.

ఈ పద్ధతి మన పాఠకులకు కొత్త కాబట్టి ఒక మాట. నాటకశాల అంటే ఇక్కడ అద్దెకిచ్చే హాలు కాదు. ఒపెరా, నాటకం, నృత్యం, పిల్లల నాటకం అనే నాలుగు విభాగాలతో సుమారు 700 మంది పనిచేసే సంస్థ. గాయకులు, వాద్యకారులు, వడ్రంగులు, దర్జీలు, విగ్గులు అల్లేవాళ్ళు అందరూ దాని ఉద్యోగులే. మన సురభి కుటుంబాల్లో వేషం కట్టేవాళ్ళూ తెరలు లాగేవాళ్ళూ ఒకే బృందంగా బతికినట్టే ఇక్కడా బతుకుతారు, కాకపోతే వీళ్ళకు నెలజీతం ఊరు ఇస్తుంది. ఇవాళ మోట్సార్ట్ ఆడితే రేపు వెర్డి, ఎల్లుండి వాగ్నర్. రాత్రి సెట్టు విప్పి పొద్దున మరొకటి నిలబెడతారు. టికెట్ల మీద వచ్చేది ఖర్చులో ఐదో వంతు కూడా ఉండదు. జర్మనీలో ఇలాంటి సంస్థలన్నింటి లెక్కా సగటున ఇంతే.

ఊరి చేతిలో ఉన్నంత మాత్రాన అంతా పుణ్యమే జరిగిందనీ నేను అనను. ఊరికి పట్టిన తెగులు నాటకశాలకూ పట్టింది. 1930 నుంచి ఇక్కడ సంగీత దర్శకుడిగా ఉన్న జోసెఫ్ రోజెన్‌స్టాక్‌ను యూదుడన్న ఒకే కారణంతో 1933లో తొలగించారు. ఆయన బెర్లిన్‌లో యూదు కళాకారుల సంఘంలో కొంతకాలం పనిచేసి, 1936లో టోక్యో చేరి అక్కడి వాద్యబృందాన్ని తీర్చిదిద్దాడు. మాన్‌హైమ్ ఒక మంచి సంగీతకారుడిని తన చేతులతో తానే వెళ్ళగొట్టింది. ఈ పని ఏ రాజూ చేయలేదు.

1943 సెప్టెంబరు 5 రాత్రి బాంబుల దాడిలో ఆ పాత భవనం నాశనమైంది. అందులో ఆఖరుసారి ఆడింది కార్ల్ మరియా ఫాన్ వేబర్ ఒపెరా ‘డేర్ ఫ్రైషుట్స్’. మోట్సార్ట్ మనసు పడ్డ అలోయ్‌సియా ఈ వేబర్‌కు పెదనాన్న కూతురు. యుద్ధం ముగిశాక శిథిలాల ఊళ్ళో కొన్నేళ్ళు ఒక సినిమా హాల్లో ప్రదర్శనలు నడిపారు. కొత్త భవనానికి ప్రఖ్యాత వాస్తుశిల్పి మీస్ ఫాన్ డెర్ రోహే అద్దాలు, ఉక్కుతో నమూనా గీసిచ్చినా పని గెర్హార్డ్ వేబర్ అనే వాస్తుశిల్పికి దక్కింది. యుద్ధకాలపు బంకర్ మీద లేచిన ఆ భవనాన్ని ‘బందిపోట్లు’ తొలి ప్రదర్శన జరిగి సరిగ్గా 175 ఏళ్ళు నిండిన 1957 జనవరి 13న తెరిచారు. చిన్న మందిరంలో పిస్కాటర్ దర్శకత్వంలో ‘బందిపోట్లు’, పెద్ద మందిరంలో ‘ఫ్రైషుట్స్’. బాంబులు ఆపిన పాటను పద్నాలుగేళ్ళ తర్వాత మళ్ళీ అందుకున్నారన్నమాట.

ఆ ఏడాది ఏప్రిల్‌లోనే హన్స్ షూలర్ దర్శకత్వంలో వాగ్నర్ ఒపెరా ‘పార్సిఫాల్’ రంగస్థలం ఎక్కింది. దర్శకుడు పోయినా అదే రూపకల్పనను తరాలు మారినా ఇక్కడ ఆడుతూనే వచ్చారు. ఒక గుడ్ ఫ్రైడే నాడు నేనూ చూశాను. దాదాపు ఖాళీ రంగస్థలం, వెనుక వెలుతురుతో మారే రంగులు, అంతకంటే ఆర్భాటం లేదు. నా పక్కన కూర్చున్న ఒక పెద్దావిడ విరామంలో సంచీలోంచి రుమాలులో చుట్టిన రొట్టె తీసి, సగం తుంచి నాకిచ్చి, చిన్నప్పుడు ఇదే నాటకాన్ని తండ్రితో వచ్చి చూశానని చెప్పింది. ఇంత పాత రూపకల్పన ఇంకా ఎందుకని విసుక్కునే విమర్శకులున్నారు. వాళ్ళతో నేను కొంతవరకు ఏకీభవిస్తాను కూడా. రెండో అంకంలో నాకు రెండుసార్లు కునుకు పట్టింది.

భవనం పాతబడి 2022లో మరమ్మతుల కోసం మూతపడింది. నాటక విభాగం ఒకప్పుడు అమెరికన్ సైనిక కుటుంబాల కోసం కట్టిన ఫ్రాంక్లిన్ కాలనీలోని పాత సినిమా హాలుకు మారింది. ఒపెరా కోసం లూయిజెన్‌పార్క్ అనే ఉద్యానవనం పక్కన తాత్కాలిక మందిరం కట్టి 2024లో తెరిచారు. మరమ్మతుల ఖర్చు తొలి అంచనాను దాటిపోయింది. ఈత కొలనులకు డబ్బులేదంటారు, ఒపెరాకు మాత్రం ఎక్కడిదని మా ఆఫీసులో మాన్‌హైమ్ వాళ్ళు భోజనాల దగ్గర వాదించుకుంటుంటే విన్నాను. వాళ్ళు అడుగుతున్నది తమ పన్నుల లెక్క కాబట్టి ఆ గొడవ న్యాయమైనదే. 1839 నుంచి ఈ నాటకశాల ఇలాంటి గొడవల మధ్యే నడుస్తోంది.

కనుక రాజపోషణ మీద వ్యాసకర్త అభిప్రాయం వారి ఇష్టం. ‘బందిపోట్లు’ మొదట ఆడిన ఊరి పేరును మాత్రం వచ్చే ఆదివారం సంచికలో మాన్‌హైమ్ అని సవరించవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు,
లుడ్విగ్స్‌హాఫెన్, జర్మనీ