పక్క బాల్కనీ పెద్దావిడకు కృతజ్ఞతలు

మా బాల్కనీలో టమాటా మొక్కలు నా భుజం దాకా పెరిగాయి. ఆకులు నల్లగా నిగనిగలాడుతున్నాయి. కాయ మాత్రం ఒక్కటీ లేదు. పూత వచ్చినట్టే వచ్చి, కాడ దగ్గర పసుపెక్కి రాలిపోయేది. పీకేద్దామని కూర్చున్నాను.

పక్క బాల్కనీలో బట్టలు ఆరేస్తున్న పెద్దావిడ అది చూసి, తడి చేతులతోనే మా ఇంటికొచ్చేశారు. "ఏం వేస్తున్నావమ్మా?" అన్నారు. వారం వారం యూరియా అని చెప్పాను, కాస్త గొప్పగానే. నవ్వారు. నత్రజని ఎక్కువైతే మొక్క ఆకులు పెంచుకుంటూ కూర్చుంటుందట, కాపు ఊసెత్తదట. ఆపేయమన్నారు. తర్వాత విచ్చుకున్న పూగుత్తి వెనక కాడను వేలితో మెల్లగా మీటారు. సన్నటి పసుపు పొడి ఆవిడ గోటి మీద రాలింది. "పుప్పొడి. గాలీ తేనెటీగలూ రానిచోట మనమే కదపాలి." రాత్రిళ్లు మరీ ఉక్కగా ఉంటే కొంత పూత ఎలాగూ రాలుతుంది, టెన్షన్ పడొద్దన్నారు.

అక్కడితో వదల్లేదు. రోజూ పొద్దున్నే గోడ మీంచి "మీటావా?" అని అడిగేవారు.

ఇప్పుడు 11 కాయలు, గోలీలంత. (రోజుకు రెండుసార్లు లెక్కపెడుతున్నాను.) అమ్మా, మొదటి పండు మీకే. ఆ రోజు నా మొక్కల గోలలో పడి మీ బట్టలన్నీ వానకు తడిశాయి. ఆ మాట మీరు ఎత్తనే లేదు.