వీడియో ఆగిందని ఫార్మాట్ కొట్టించకండి

సంపాదకులకు నమస్కారం.

పోటీ పరీక్షల పాఠాల నుంచి ఓటీటీ సినిమాల దాకా అన్నీ బ్రౌజర్‌లోనే చూస్తున్న రోజులివి. వీడియో మొరాయిస్తే చాలామంది నెట్‌ను తిట్టుకుంటారు, లేదంటే కంప్యూటర్‌ను షాపుకు మోసుకెళ్లి ఫార్మాట్ కొట్టించుకుంటారు. డబ్బు పోతుంది, ఒక్కోసారి డేటా కూడా పోతుంది. ఈ సమస్యకు విండోస్ మళ్లీ వేయాల్సిన అవసరం చాలా అరుదు. లోపం ఎక్కడుందో ఇంట్లోనే కనిపెట్టవచ్చు.

అన్నిటికన్నా ముందు ఒక హెచ్చరిక. 'ఫ్లాష్ ప్లేయర్ అప్‌డేట్ చేయండి', 'ఈ కోడెక్ వేసుకుంటేనే వీడియో వస్తుంది' అంటూ పేజీలో బటన్ కనిపిస్తే దాని జోలికి వెళ్లవద్దు (కోడెక్ అంటే వీడియోను విప్పే సాఫ్ట్‌వేర్). ఒకప్పుడు బ్రౌజర్‌లో వీడియోలు ఆడించిన ఫ్లాష్‌కు అడోబీ సంస్థ 2020 డిసెంబరు 31న మంగళం పాడింది. 2021 జనవరి 12 నుంచి అందులో ఏదీ నడవకుండా అడ్డుకుంది కూడా. ఇప్పుడు ఆ పేరుతో పేజీల్లో వచ్చే అప్‌డేట్ మోసమే. నేటి బ్రౌజర్లకు వీడియో ప్లేయర్ విడిగా అక్కర్లేదు, లోపలే ఉంటుంది.

ఇక పరీక్ష. అదే వీడియోను అదే వైఫై మీద ఫోన్‌లో తెరవండి. రాకపోతే మొబైల్ డేటాకు మారండి. డేటా మీద వచ్చి వైఫై మీద రాకపోతే రౌటర్‌నో కనెక్షన్‌నో చూడాలి. రెండింటి మీదా రాకపోతే తప్పు చాలావరకు సైట్‌దే, కాసేపు ఆగడమే మేలు. ఫోన్‌లో ఆడి కంప్యూటర్‌లో ఆడకపోతే అప్పుడు బ్రౌజర్‌ను అనుమానించాలి. విదేశాల్లోని మనవాళ్లకు కొన్ని తెలుగు సినిమాలు తెరుచుకోకపోవడం మాత్రం ప్రసార హక్కుల సంగతి, దానికి ఏ సెట్టింగూ పనిచేయదు.

ఆగి ఆగి ఆడుతుంటే నెట్ తప్పో కంప్యూటర్ తప్పో యూట్యూబే చెబుతుంది. కంప్యూటర్‌లో వీడియో మీద రైట్ క్లిక్ చేసి 'స్టాట్స్ ఫర్ నెర్డ్స్' నొక్కండి. అందులో 'బఫర్ హెల్త్' అన్నది ముందుగా ఎన్ని సెకన్ల వీడియో దిగి ఉందో చూపే అంకె. అది సున్నా దగ్గరే కొట్టుకుంటుంటే నెట్ చాలడం లేదు. నెట్ వేగం 480పీ క్వాలిటీకి సుమారు 1.1 ఎంబీపీఎస్, 720పీకి 2.5, 1080పీకి 5 ఉండాలి. బఫర్ నిండుగా ఉన్నా 'ఫ్రేమ్స్' వరుసలో 'డ్రాప్డ్' దగ్గరి అంకె (చూపకుండా వదిలేసిన బొమ్మల లెక్క) ఆగకుండా పెరుగుతుంటే నెట్ బాగానే ఉంది, కంప్యూటర్‌కే ఊపిరాడటం లేదు. యూట్యూబ్ ఎక్కువగా పంపే వీపీ9, ఏవీ1 రకం వీడియోలను విప్పే ఏర్పాటు పాత గ్రాఫిక్స్ చిప్‌లలో ఉండదు. భారమంతా ప్రాసెసర్ మీద పడుతుంది. క్వాలిటీని 480పీకి తగ్గిస్తే సరి. ఇలాంటప్పుడు నెట్ ప్లాన్ పెంచుకోవడం దండగ.

అసలు మొదలే కాకపోతే కంట్రోల్, షిఫ్ట్, ఎన్ మీటలు కలిపి నొక్కి క్రోమ్ ఇన్‌కాగ్నిటో విండోలో చూడండి. మనం విడిగా అనుమతిస్తే తప్ప అక్కడ ఎక్స్‌టెన్షన్లు (బ్రౌజర్‌కు మనం తగిలించుకునే చిన్న ప్రోగ్రాములు) పనిచేయవు, పాత కుకీలూ (సైట్లు మన బ్రౌజర్‌లో దాచుకునే గుర్తులు) ఉండవు. అక్కడ ఆడితే మామూలు విండోలో ఎక్స్‌టెన్షన్లను ఒక్కొక్కటే ఆపుతూ రండి. ప్రకటనలు ఆపేవాటితోనే మొదలుపెట్టండి, ఎక్కువసార్లు దొరికే దొంగ అదే. అప్పటికీ తేలకపోతే ఆ ఒక్క సైట్ కుకీలు తీసేయండి. మొత్తం తుడిచేస్తే అన్ని సైట్లలోనూ మళ్లీ లాగిన్ కావాలి.

మాట వినిపిస్తూ బొమ్మ నల్లగానో పచ్చగానో వస్తే క్రోమ్ సెట్టింగ్స్‌లో 'సిస్టమ్' కింద ఉన్న గ్రాఫిక్స్ యాక్సిలరేషన్ (వీడియో పనిని గ్రాఫిక్స్ చిప్‌కు అప్పగించే ఏర్పాటు) ఆపి బ్రౌజర్‌ను మళ్లీ తెరవండి. బాగైతే లోపం గ్రాఫిక్స్ డ్రైవర్‌ది, అంటే ఆ చిప్‌ను నడిపే సాఫ్ట్‌వేర్‌ది. దాన్ని అప్‌డేట్ చేసి, ఆపినదాన్ని తిరిగి పెట్టుకోవాలి. లేకపోతే ప్రాసెసర్ వేడెక్కుతూనే ఉంటుంది.

పాత డెస్క్‌టాప్‌లలో 'కనెక్షన్ సురక్షితం కాదు' అని వస్తే కంప్యూటర్‌లోని తేదీ చూడండి. మదర్‌బోర్డు మీది సీఆర్2032 సెల్ అయిపోతే, స్విచ్ ఆపినప్పుడల్లా తేదీ ఏళ్ల వెనక్కి వెళ్తుంది. సెల్ మార్చి తేదీ సరిచేస్తే చాలు. విండోస్ 7, 8.1 ఉన్నవారికి క్రోమ్ 109వ వెర్షన్‌తోనే ఆగిపోయింది, ఆపై అప్‌డేట్లు రావు.

ఓటీటీ సినిమా మాత్రమే రాక మిగతావన్నీ ఆడుతుంటే కాపీరైట్ రక్షణ అడ్డుపడుతోందన్నమాట. ఫైర్‌ఫాక్స్ సెట్టింగ్స్‌లో డీఆర్ఎం (ఈ కాపీరైట్ రక్షణ పేరు) అనుమతి టిక్ పెట్టండి. ఈ రక్షణను గుర్తించని పాత ప్రొజెక్టర్‌కో మానిటర్‌కో కలిపిన వైరు ఉంటే తీసి చూడండి.

కాలేజీలకు, కోచింగ్ కేంద్రాలకు ఒక విన్నపం. ఐఫోన్ మామూలుగా తీసే హెచ్ఈవీసీ రకం వీడియో ఫైలును అలాగే మీ సైట్‌లో పెడితే, దాన్ని విప్పలేని కంప్యూటర్లలో మాట వినిపిస్తుంది గానీ బొమ్మ రాదు. కెమెరా ఫార్మాట్స్‌లో 'మోస్ట్ కంపాటిబుల్' ఎంచుకోండి. లేదా ఉచితంగా దొరికే హ్యాండ్‌బ్రేక్ సాఫ్ట్‌వేర్‌తో హెచ్.264 వీడియో, ఏఏసీ ఆడియో ఉన్న ఎంపీ4గా మార్చండి. మార్చేటప్పుడు 'వెబ్ ఆప్టిమైజ్డ్' టిక్ మరవద్దు. ఎంపీ4 ఫైలు విషయసూచిక తరచుగా చివర్లో ఉంటుంది. ఆ టిక్ దాన్ని ముందుకు తెస్తుంది. అది లేకపోతే కొన్ని సర్వర్ల నుంచి ఫైలంతా దిగేదాకా పాఠం మొదలే కాదు. గంట పాఠం కోసం పల్లెలో ఒకటిన్నర జీబీ రోజువారీ డేటాతో కూర్చున్న విద్యార్థికి మొదటి మాట వినేలోపే ఆ డేటా కాస్తా అయిపోవచ్చు. కొత్త పాఠాలు పెట్టేముందు ఒక పాత కంప్యూటర్‌లో, మొబైల్ డేటా మీద ఒకసారి ఆడించి చూడండి.

— కంప్యూటర్ సర్వీసింగ్ వృత్తిలో ఉన్న ఒక పాఠకుడు, ఖమ్మం