జరిమానా కట్టినవాడు మళ్లీ వచ్చాడా?

సంపాదకులకు నమస్కారం.

వారం వారం మీ జిల్లా పేజీలో ఒక వార్త కనిపిస్తుంది. తాగి వాహనం నడిపిన ఇంతమందిని కోర్టులో హాజరుపరిచారని, జరిమానా వేశారని, ఒకరిద్దరికి రెండు మూడు రోజుల జైలు కూడా పడిందని. మొత్తం ఎంత వసూలయిందో రూపాయలతో సహా వేస్తారు. వారిలో ఎంతమంది ఇదే నేరానికి ఇదివరకే జరిమానా కట్టి వెళ్లారో మాత్రం ఉండదు. మెజిస్ట్రేటు కోర్టుల్లో బెంచ్ క్లర్కుగా పనిచేసి రిటైరైనవాణ్ని కనుక నా కన్ను ముందు ఆ ఖాళీ మీదే పడుతుంది.

పెట్టీ కేసుల రోజు కోర్టు హాలు రేషన్ దుకాణం ముందు వరుసలా ఉంటుంది. పేరు పిలుస్తారు. నేరం ఒప్పుకుంటున్నావా అని అడుగుతారు. ఒప్పుకుంటాడు. జరిమానా చెబుతారు, పక్కకు వెళ్లి కట్టి రసీదు తీసుకుంటాడు. మనిషికి రెండు నిమిషాలు పట్టదు. అలాంటి ఒక రోజు ఒక ఆటో డ్రైవరు భార్యను వెంటబెట్టుకుని వచ్చాడు. ఆమె కొంగుముడి విప్పి వందా, యాభై నోట్లు లెక్కపెడుతుంటే వెనకున్నవాళ్లు విసుక్కున్నారు. అదే వరుసలో ఒక కాంట్రాక్టరు జేబులోంచి కట్ట తీసి లెక్కయినా చూడకుండా ఇచ్చేశాడు. నాలుగు నెలలు తిరగకుండా ఆ కాంట్రాక్టరే మళ్లీ వచ్చాడు. నన్ను గుర్తుపట్టి నవ్వాడు కూడా. ఈసారి పట్టుకున్నది వేరే స్టేషన్ పరిధిలో. కాగితాల్లో పాత కేసు ఊసే లేదు, కనుక మళ్లీ మొదటి నేరం కిందే జరిమానా. కోర్టు తన ముందున్న కాగితాన్ని చూస్తుంది కానీ క్లర్కు జ్ఞాపకశక్తిని చూడదు కదా.

చట్టం తెలియక జరిగేది కాదిది. మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ కింద 2019 సెప్టెంబరు 1 నుంచి మొదటిసారికి 10,000 రూపాయలు లేదా ఆరు నెలల వరకు జైలు లేదా రెండూ. రెండోసారి దొరికితే 15,000, జైలు రెండేళ్ల దాకా. అయితే శిక్ష పెంచాలంటే పాత శిక్ష ఎప్పుడు, ఎక్కడ పడిందో అభియోగంలో రాయాలని నేర విచారణ చట్టమే చెబుతోంది. రాసేవారెవరు? పొద్దున్నే యాభై మందిని కోర్టుకు తెచ్చే కానిస్టేబులుకు అంత తీరిక ఎక్కడిది? లైసెన్సు నంబరు కొడితే పాత శిక్షలన్నీ తెర మీద కనిపించే ఏర్పాటు ప్రతి స్టేషన్లోనూ, ప్రతి కోర్టులోనూ ఉండాలి. ఫోనులో చలానా పంపడం నేర్చుకున్న యంత్రాంగానికి ఇది చేతకాని పనేమీ కాదు.

ఇంగ్లండులో న్యాయశాఖ ఈ లెక్క ఎప్పటికప్పుడు ప్రచురిస్తుంది. శిక్ష పడిన నాటి నుంచి, జైలుకు వెళ్లినవారికైతే విడుదలైన నాటి నుంచి, ఏడాదిలోపు మళ్లీ నేరం చేశారా అని చూస్తారు, అది కోర్టులో తేలడానికి ఇంకో ఆరు నెలలు గడువిస్తారు. జైలుకు వెళ్లినవారి లెక్క వేరు, జరిమానా కట్టినవారి లెక్క వేరు. ఇక్కడొక హెచ్చరిక. జరిమానా కట్టినవారిలో మళ్లీ నేరం చేసేవారు తక్కువని తేలితే అది జరిమానా గొప్పతనం అనుకోకూడదు. చిన్న తప్పు చేసినవారికే జరిమానా వేస్తారు, ముదిరినవారిని జైలుకు పంపుతారు. పోల్చాలంటే ఒకే రకం నేరం చేసినవారిని పోల్చాలి. మన దగ్గర మళ్లీ నేరం చేసినవారి లెక్కలు జైళ్ల నివేదికల్లో వస్తాయి. జైలు గడప తొక్కని మనిషి వాటిలో ఎలా కనిపిస్తాడు?

జరిమానాలు ఇంకా పెంచాలనేవారికి ఒక మాట. ఆటో డ్రైవరుకు పదివేలంటే నెల సంపాదనలో పెద్ద భాగం, కాంట్రాక్టరుకు ఒక పూట విందు ఖర్చు. ఫిన్లాండులో 1921 నుంచి మనిషి రోజు ఆదాయాన్ని బట్టి జరిమానా కడుతున్నారు. 2002లో నోకియా సంస్థ ఉన్నతాధికారి ఒకరు గంటకు 50 కిలోమీటర్లు దాటకూడని చోట 75 వేగంతో మోటారుసైకిలు నడిపితే 1,16,000 యూరోలు వేశారు. తర్వాత తగ్గించారు లెండి, అయినా ఆ కబురు ప్రపంచమంతా తిరిగింది. మనమేమో 2022 మార్చిలో తెలంగాణలో ద్విచక్ర వాహనాల పాత చలానాలకు 75 శాతం రాయితీ ఇచ్చి, 2023 డిసెంబరులో దాన్ని 80 శాతం చేశాం. చలానా కోర్టు జరిమానా కాదు, నిజమే. ఆగితే తగ్గుతుందని జనం నేర్చుకున్న పాఠం మాత్రం ఒకటే.

డబ్బుతో పోని శిక్షలూ చట్టంలోకి వచ్చాయి. తాగి బహిరంగంగా అల్లరి చేసినవాడికి 1860 నాటి శిక్షాస్మృతిలో జరిమానా పది రూపాయలకు మించేది కాదు. 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత దాన్ని వెయ్యి వరకు పెంచింది, సమాజ సేవనూ శిక్షగా చేర్చింది. ఆసుపత్రి ఆవరణ ఊడ్చిన మనిషి మళ్లీ వచ్చాడా, వెయ్యి కట్టి పోయిన మనిషి మళ్లీ వచ్చాడా అన్నది ఇప్పటి నుంచే రాసిపెట్టుకుంటే అయిదేళ్లకు ఏది పనిచేస్తుందో చెప్పగలం.

ఈలోగా మీ విలేఖరులకు ఒక మనవి. వచ్చే వారం ఆ వార్త రాసేటప్పుడు, వీరిలో రెండోసారి వచ్చినవారు ఎందరని అధికారులను అడగండి. అంకె చెబితే వేయండి. చెప్పకపోతే చెప్పలేదనీ వేయండి.

ఇట్లు,
ఒక విశ్రాంత న్యాయస్థాన ఉద్యోగి,
ఖమ్మం