రెండో ఆక్సిజన్ ఎక్కేదాకా

చెన్నై, అడయారు

ఒరేయ్ శీనూ,

మొన్న ఫోన్‌లో "సల్ఫాక్సైడ్ దగ్గరే ఆగిపోకుండా సల్ఫోన్ దాకా ఎలా తీసుకెళ్తార్రా?" అని అడిగావు, అంటే సల్ఫర్ మీద ఒక ఆక్సిజన్ ఉన్న దాని నుంచి రెండు ఆక్సిజన్లున్న దాని దాకా. లోకల్ ట్రైన్ రొదలో సరిగ్గా చెప్పలేకపోయాను, ఇప్పుడు తీరిగ్గా రాస్తున్నా.

నా దగ్గర మొదలయ్యేది సల్ఫర్ మీద ఇంకా ఆక్సిజన్ ఎక్కని సల్ఫైడ్‌తో, దాని కంపు హుడ్ (ల్యాబ్‌లో వాయువుల్ని బయటికి లాగే గూడు) దాటి వస్తే ఆ రోజు భోజనం సహించదు. డైక్లోరోమీథేన్‌లో కరిగించి, ఐసులో పెట్టి, ఆక్సిజన్‌ని అందించే ఎంసీపీబీఏ అనే పదార్థాన్ని కొంచెం కొంచెంగా వేస్తాను. మొదటి ఆక్సిజన్ చటుక్కున ఎక్కేస్తుంది, కానీ అది ఎక్కాక సల్ఫర్ దగ్గరి ఎలక్ట్రాన్లని తనవైపు లాక్కుంటుంది కదా, అందుకే రెండోది బాగా నెమ్మది. ఒక ఈక్వివలెంట్ (ఒక్కో సల్ఫైడ్ అణువుకి ఒక్కో ఎంసీపీబీఏ అణువు లెక్కన) వేస్తే సల్ఫాక్సైడ్ దగ్గరే ఉంటావు, నేను 2.2 వేసి రాత్రంతా వదిలేస్తాను. పొద్దున టీఎల్‌సీ (సిలికా పూసిన పలక మీద పదార్థాలు మచ్చలుగా విడిపోయే పరీక్ష) చూడాలి, అదే నాకు అన్నిటికంటే ఇష్టం! రెండు ఆక్సిజన్లున్న సల్ఫోన్ ఇంకా కిందే ఉంటుందనుకుంటాం, కానీ సాధారణంగా అదే పైన ఉంటుంది, సల్ఫాక్సైడ్ ఆక్సిజన్ మీద ఋణావేశం ఎక్కువ కాబట్టి సిలికాని గట్టిగా పట్టుకుని కింద కూర్చుంటుంది. మిగిలిన ఎంసీపీబీఏని సోడియం సల్ఫైట్‌తో చంపి, బైకార్బనేట్‌తో కడిగితే తెల్లటి పొడి, వాసనే ఉండదు.

సల్ఫోన్‌కి వేరే దారులూ ఉన్నాయి, సల్ఫినేట్ లవణానికి ఆల్కైల్ హాలైడ్ తగిలించడం, సల్ఫొనైల్ క్లోరైడ్‌ని బెంజీన్ లాంటి వలయానికి తగిలించే ఫ్రీడల్ క్రాఫ్ట్స్ చర్య. బ్యూటాడైఈన్‌కి సల్ఫర్ డయాక్సైడ్ నేరుగా అతుక్కుని సల్ఫోలీన్ అనే సల్ఫోన్ అవుతుంది, వేడి చేస్తే మళ్ళీ విడిపోతుంది, భలే ఉంటుందిరా.

సల్ఫోన్లలో అన్నిటికంటే నాకు దగ్గరైంది డాప్సోన్. 1908లోనే తయారైంది, కానీ కుష్ఠుకి మందుగా దాన్ని వాడి చూసింది 1940ల్లో, మన దేశంలోనే, ఇక్కడికి దగ్గర్లోని చెంగల్పట్టు కుష్ఠు ఆసుపత్రిలో పనిచేసిన డాక్టర్ రాబర్ట్ కోక్రేన్. ఇప్పటికీ రిఫాంపిసిన్, క్లోఫాజిమిన్‌లతో కలిపి ఇస్తున్నారు. నేను రోజూ ఎక్కే ట్రైన్లే చెంగల్పట్టు దాకా వెళ్తాయి, ఆ బోర్డు చూసినప్పుడల్లా ఈ అణువే గుర్తొస్తుంది.

దాన్ని చేసే ఒక పద్ధతిలో రెండు చివర్లా నైట్రో ఉన్న సల్ఫైడ్ తీసుకుని, ముందు సల్ఫర్‌ని ఆక్సీకరించి, ఆ తర్వాతే నైట్రోలని అమైన్లుగా మారుస్తారు. ఈ వరస ఎందుకో మీ ఇంటర్ పిల్లల్ని అడిగి చూడు, ఎవరైనా చెప్తే వెంటనే నాకు రాయి.

నీ
రవి