పాముల జోడీ గురించి ప్రసాదుకు

ఒరేయ్ ప్రసాదూ,

కార్న్ స్నేక్ (విషం లేని పెంపుడు పాము) జోడీ తెచ్చావని, ఈ ఏడే పిల్లల్ని తీయాలని రాశావు. సంతోషమే. ముందు ఒకటి చెప్పు, అవి నిజంగా ఆడా మగా? రెండు మగపాములను పక్కపక్కన పెట్టుకుని నేను రెండేళ్లు ఎదురుచూసిన సంగతి నీకు తెలుసు కదా, మళ్లీ నవ్వకు. మగదాని తోక మొదట్లో లావుగా, పొడవుగా ఉంటుంది. ఆడదానిది పొట్టిగా, చటుక్కున సన్నబడుతుంది. అనుమానంగా ఉంటే చేయి తిరిగినవాళ్లకు చూపించు. తోక మొదట్లోని రంధ్రంలో సలాక పెట్టి చూసే పని మాత్రం నీకొద్దు.

ఆడదానికి మూడేళ్లు నిండి, బరువు 300 గ్రాములు దాటేదాకా జత మాటెత్తకు. లేతపాముకు గుడ్డు అడ్డం పడితే ప్రాణం మీదికి వస్తుంది.

జత కట్టించే ముందు రెండు మూడు నెలలు, చలికాలంలాగా, 10–13 డిగ్రీల చల్లదనంలో రెంటినీ విడివిడిగా ఉంచు. చల్లబరిచే ముందు రెండు వారాలు మేత ఆపెయ్యి, లేకపోతే కడుపులోనే కుళ్లుతుంది. మళ్లీ వెచ్చబరిచి, బాగా మేపి, ఆడది కుబుసం విడిచాక మగదాన్ని వదులు. అది ఆడదాని వీపు మీద గడ్డం ఆనించి కుదుపులు కుదుపులుగా వెంటపడుతుంది. అయితే తోటి పాముల్నే తినే కింగ్ స్నేక్ విషయంలో ఇలా నిశ్చింతగా ఉండకు, అది జతనే మింగెయ్యగలదు!

ఆడది గుడ్లు పెట్టే ముందు ఇంకోసారి కుబుసం విడుస్తుంది. ఆ తర్వాత పది రోజులు అటూ ఇటూగా పెట్టేస్తుంది. తడి నాచు నింపిన డబ్బా ముందే పెట్టు. గుడ్లు ఒకదానికొకటి అతుక్కుంటాయి, విడదీయకు, దొర్లించకు. ఏ వైపు పైన ఉందో పెన్సిలుతో గుర్తు పెట్టుకో. తడి వర్మిక్యులైట్‌లో (తేమ పట్టి ఉంచే ఖనిజపు రవ్వ) 27–28 డిగ్రీల దగ్గర ఉంచితే దాదాపు రెండు నెలలకు పిల్లలు వస్తాయి. మొదటిసారి నేను రోజుకు పదిసార్లు మూత తెరిచి తేమంతా పోగొట్టాను. గుడ్లు సొట్టలు పడ్డాయి, మూడు బూజుపట్టాయి.

చివరి రోజుల్లో పడే సొట్టకు కంగారుపడకు. ఒక తెల్లవారుజామున గుడ్డు మీద సన్నటి గాటు కనిపించింది. అందులోంచి అగ్గిపుల్ల తలంత ముక్కు బయటికి వచ్చి, నన్ను చూసి, ఠక్కున లోపలికి వెళ్లిపోయింది. అలా ఒక రోజంతా దాగుడుమూతలే. లాగాలనిపిస్తుంది, లాగకు. లోపల మిగిలిన పచ్చసొన అది పీల్చుకుంటూ ఉంటుంది.

అసలు తంటా ఆ తర్వాత. వారానికి తొలి కుబుసం విడిచాక వెంట్రుకలు రాని ఎలుకపిల్లను పెట్టాలి. నా వాటిలో నాలుగు పిల్లలు నెల రోజుల పాటు నోరు తెరవలేదు. ఒక్కో ఈతకు పది పదిహేను పిల్లలు వస్తాయి, అన్నిటికీ విడివిడి డబ్బాలు. ఎక్కడ పెడతావో, ఎవరికి ఇస్తావో ఆ పేర్లు రాసి పంపు. అప్పుడు ఇంక్యుబేటర్ నాదే ఇస్తాను.

నీ,
శీను