కోత పండక్కి ఎవరేం తేవాలి

సెయింట్ పాల్, మిన్నెసోటా
ఆదివారం సాయంత్రం

అమ్మకు, నాన్నకు ప్రభువు నామంలో వందనాలు.

మేం ఇక్కడ బాగానే ఉన్నాం. చలి మొదలైంది, పిల్లల స్వెట్టర్లు బయటికి తీశాను.

మొన్న ఫోన్లో నువ్వు అడిగినదానికి సరిగ్గా జవాబు చెప్పడం కుదరలేదు. నువ్వేమో స్పీకర్లో పెట్టావు. పిన్ని ఒకటి అడుగుతుంది, అత్త ఇంకోటి అడుగుతుంది, మధ్యలో నాన్న బోరు మోటారు సంగతి ఎత్తాడు. అందుకే తీరిగ్గా రాస్తున్నాను. ఇది పాస్టరమ్మ గారికి కూడా వినిపించు. స్త్రీల సమాజం మీటింగులో చదివినా నాకేం అభ్యంతరం లేదు, పిన్ని గురించి రాసిన ముక్క ఒక్కటి వదిలేసి చదువు.

ఈసారి కోత పండక్కి వంటమేస్త్రీని పిలవకుండా ఇంటికో వంట తెచ్చుకుంటే ఖర్చు తగ్గుతుందని సంఘంలో అనుకుంటున్నారన్నావు. అమెరికా చర్చిల్లో అలాగే చేస్తారట, మీ అమ్మాయినడిగితే ఎవరేం తేవాలో చెప్తుంది అన్నారట. చెప్తాను. దాన్నిక్కడ పాట్‌లక్ అంటారు. వచ్చిన కొత్తలో నైట్ డ్యూటీ దిగి నిద్రమొహంతోనే వెళ్లి తిన్న పాట్‌లక్కులు కూడా ఉన్నాయి, కాబట్టి దాని మంచీ చెడ్డా రెండూ చూశాను.

మా చర్చిలో ఆరాధన పైన, భోజనాలు కింద బేస్‌మెంటులో. పొడవాటి మడత బల్లలు వేసి మీద కాగితం పరుస్తారు. ప్రసంగం సగంలో ఉండగానే కింద నుంచి కాఫీ వాసన మెట్లెక్కి వస్తుంది. ఆ తర్వాత పాస్టరు గారు ఎంత బాగా చెప్పినా వినేవాళ్లు తక్కువ.

ఎవరేం తేవాలన్నది ఇంటిపేరు మొదటి అక్షరాన్ని బట్టి ఉంటుంది. ఏ నుంచి హెచ్ దాకా సలాడ్లు, ఐ నుంచి పి దాకా వేడి వంటలు, మిగతావాళ్లు తీపి. మళ్లీసారికి వంతులు మారతాయి. ఇక్కడివాళ్లకు అది తేలికే. మా పాస్‌పోర్టుల్లో నాకో ఇంటిపేరు, ఆయనకో ఇంటిపేరు, పిల్లలకేమో ఆయన అసలు పేరే ఇంటిపేరుగా పడింది. ఆ లెక్కన మా ఒక్క ఇల్లే మూడు రకాలు మోసుకెళ్లాలి. లిస్టు రాసే పెద్దావిడ ఇదంతా విని తల పట్టుకుని, "మీకేది వీలైతే అది తెండి" అని మమ్మల్ని వదిలేసింది.

వేడి వంటల్లో పెద్దపీట హాట్‌డిష్‌ది. ఖైమాను ఉల్లిపాయలతో వేయించి, డబ్బా పుట్టగొడుగుల సూపు కలిపి, బీన్సో మొక్కజొన్న గింజలో వేసి, పైన టేటర్ టాట్స్ అని బొటనవేలంత బంగాళదుంప ముక్కలు వరసగా పేర్చి ఓవెన్లో పెడతారు. ఉప్పు, మిరియాలు, మసాలా అంతే. ఆ టేటర్ టాట్స్‌ను 1953లో ఓర్-ఐడా కంపెనీవాళ్లు కనిపెట్టారు. ఫ్రెంచ్ ఫ్రైస్ కోయగా మిగిలిన తునకల్ని పారేయడం ఇష్టం లేక చేసిన పని అది, నీకు నచ్చుతుంది. సూపు డబ్బా క్యాంబెల్ కంపెనీది, 1934 నుంచి ఉంది. ఇక్కడి చర్చి ఆడవాళ్లు దాన్ని ఎంతగా పట్టుకున్నారంటే 'లూథరన్ బైండర్', అంటే లూథరన్ల వంటల్ని అతికించే జిగురు అని దానికి ఎగతాళి పేరు పడింది. ఇక హాట్‌డిష్ మొదట అచ్చులో కనబడింది మ్యాన్‌కేటో అనే ఊళ్లో లూథరన్ చర్చి స్త్రీల సమాజం వాళ్లు 1930లో వేసుకున్న వంటల పుస్తకంలోనే అంటారు. పనుల్లేక జనం అల్లాడిన రోజులవి. ఉన్న కాస్త మాంసం పదిమందికి సరిపెట్టాలి. చుట్టాలు ఎక్కువైనప్పుడు నువ్వు మాంసంలో దోసకాయ వేసి కూర పెంచేదానివి చూడు, ఆ తెలివే ఇది.

సలాడంటే ఆకులనుకునేవు. ఆకుపచ్చ జెల్లీలో క్యారెట్ తురుము వేసి గడ్డకట్టించినా సలాడే. ఆపిల్ ముక్కలూ స్నికర్స్ చాక్లెట్లూ క్రీములో కలిపినా సలాడే, దాన్ని తీపి బల్ల మీద పెట్టమంటే ఒప్పుకోరు. పిల్లలు ముందు అక్కడికే పరిగెడతారు.

చలికాలం ముందు కొన్ని చర్చిల్లో లూటఫిస్క్ విందులు కూడా పెడతారు. నార్వే, స్వీడన్ల నుంచి వచ్చిన వీళ్ల తాతముత్తాతల వంట. ఎండబెట్టిన కాడ్ చేపను క్షారం కలిపిన నీళ్లలో నానేసి, మళ్లీ మంచినీళ్లలో రోజులకొద్దీ నానేసి ఉడికిస్తారు. ముట్టుకుంటే వణుకుతుంది. కరిగించిన వెన్న పోసుకుని తింటారు. మన ఎండుచేపల పులుసు ముందు అది ఎందుకూ పనికిరాదు, ఈ మాట ఇక్కడ పైకి అనను. దాంతో పెట్టే లెఫ్సా మాత్రం బాగుంటుంది. బంగాళదుంపతో చేసిన పల్చటి చపాతీ, వెన్నా పంచదారా రాసి చుట్టి ఇస్తారు.

ఇప్పుడు అసలు సంగతి. ప్రతివాళ్లూ గిన్నె అడుగున టేపు అంటించి పేరు రాస్తారు, గిన్నె మళ్లీ ఇంటికి చేరాలని. మంచిదే. కానీ దాంతో ఏ వంట ఎవరిదో ఊరందరికీ తెలుస్తుంది. భోజనాలయ్యాక ఎవరి గిన్నె అడుగు కనబడింది, ఎవరిది మూత తీసినట్టే ఉండిపోయింది అన్నది బల్ల మీదే తేలిపోతుంది. పైకి ఎవరూ ఏమీ అనరు. ఇక్కడివాళ్లు మొహమాటానికి పుట్టినవాళ్లు. ట్రేలో ఆఖరి ముక్క ఎవరూ తీసుకోరు. ఒకావిడ దాన్ని సగం కోసి సగం తీసుకుంటుంది, తర్వాతావిడ ఆ సగంలో సగం. చివరికి గోరంత తునక మిగిలి ట్రేతోపాటు ఇంటికెళ్తుంది. పిన్ని గనక ఇక్కడుంటే ఆ ట్రే ఎప్పుడో కడిగి బోర్లించేవాళ్లం.

ఎనభై దాటిన ఒకావిడ ఎప్పుడూ చేప ముక్కలూ నూడుల్సూ కలిపిన హాట్‌డిష్ తెస్తుంది. ఆవిడకు చూపు తగ్గింది, ఒక్కోసారి ఉప్పు పడదు, ఒక్కోసారి అంచులు మాడతాయి. ఆవిడ ఈడువాళ్లు ముగ్గురు నలుగురు లైన్లో ముందు నిలబడి, ఆ గిన్నెలోంచి పెద్ద పెద్ద గరిటెలు వేసుకుని వెళ్తారు. మా పాస్టరు గారైతే ప్రతి గిన్నెలోంచీ ఒక చెంచా తప్పకుండా వేసుకుంటుంది. నలభై గిన్నెలుంటే నలభై చెంచాలు. ఆవిడ ప్లేటు చూస్తే జెల్లీ వెళ్లి మాంసంలో కలిసిపోయి ఉంటుంది, అయినా మొత్తం తింటుంది. అలా కాపాడేవాళ్లు ఉన్నారు కాబట్టి ఇక్కడ ఎవరూ చిన్నబుచ్చుకోకుండా సాగిపోతోంది. మన సంఘంలో ఎవరు కాపాడతారో చెప్పు.

మన దగ్గర అన్నానికి బియ్యం కొలిచినప్పుడల్లా ఓ పిడికెడు తీసి పక్కన డబ్బాలో వేస్తారు. ఆదివారం తెచ్చి చర్చిలో గంపలో పోస్తారు. సోనామసూరీ పోసినవాళ్లవీ రేషన్ బియ్యం పోసినవాళ్లవీ కలిసిపోతాయి. గుండిగలో ఉడికాక ఏ మెతుకు ఎవరిదో ఆ దేవుడికే తెలియాలి. మిరప కోతలకు వెళ్లి వచ్చే మన వీధి చివరి తాతమ్మ కూడా ప్రేమ విందులో అందరితోపాటు కూర్చుని రెండోసారి పప్పు అడిగి వేయించుకుంటుంది. ఇంటికో వంట అన్నారనుకో, ఆవిడ ఏం తెస్తుంది? తెచ్చినా, డాబా ఇంటివాళ్ల మటన్ బిర్యానీ పక్కన తన గిన్నె ఎలా పెడుతుంది? ఆవేళకి జ్వరమని ఇంట్లోనే ఉండిపోతుంది. అలాంటివాళ్లు మన సంఘంలో ఎంతమంది ఉన్నారో నాకంటే నీకే బాగా తెలుసు.

ఇంకో మాట కూడా ఉంది, మీటింగులో చదువుతావో లేదో నీ ఇష్టం. ఫలానా పేటవాళ్లు తెచ్చిన కూర ఫలానా పేటవాళ్లు ముట్టలేదట అని మర్నాటికి మాట పుడుతుంది. నిజంగా ముట్టలేదో, అప్పటికే కడుపు నిండిందో ఎవరికీ అక్కర్లేదు. గుండిగ దగ్గర ఆ మాటకు చోటే లేదు.

ఖర్చు తగ్గుతుందన్నది కూడా పైపై లెక్కే. సంఘం పుస్తకంలో తగ్గింది ఇళ్లల్లో పెరుగుతుంది. పని సంగతి చూడు. ఇప్పుడైతే వంటమేస్త్రీ పక్కన మగవాళ్లు నిలబడి కట్టెలు ఎగదోస్తున్నారు, ఉల్లిపాయలు తరుగుతున్నారు, గుండిగలు దించుతున్నారు. ఏడాదిలో వాళ్లు గరిటె పట్టుకునేది అప్పుడే. ఇంటికో వంట అంటే ఆ చాకిరీ అంతా తెల్లవారుజామున మీ నెత్తిన పడుతుంది. మగవాళ్లు ఇస్త్రీ చొక్కాలు తొడుక్కుని టిఫిన్ క్యారియర్ మోసుకొస్తారు, అంతే.

అలాగని పాట్‌లక్కులో మంచి లేదనను. నీ వంటేదో తీసుకురా అని అడిగితేనే కొత్తగా వచ్చిన మనిషికి అక్కడ చోటు దొరుకుతుంది. నేను ఎక్కువగా పులిహోరే తీసుకెళ్తాను. అది చల్లారినా బాగుంటుంది, మళ్లీ వేడి చేసే పని లేదు, మాంసం తిననివాళ్లూ గోధుమ పడనివాళ్లూ తింటారు. వేరుశనగ గుళ్లు మాత్రం అందులో వేయను, వేరే గిన్నెలో పెట్టి చీటీ రాస్తాను. ఇక్కడ కొందరు పిల్లలకు అవి ప్రాణం మీదికి తెస్తాయి. కోడి కూర ఎముకలతో తీసుకెళ్తే పాపం ప్లాస్టిక్ ఫోర్కులతో కుస్తీ పడతారు, అందుకని ఎముకల్లేని వేపుడు చేస్తాను, కారం మూడో వంతే. గుడ్లు సగానికి కోసి ఉల్లిపాయ కారంలో దొర్లించినవి బల్ల మీద పెట్టీ పెట్టకముందే అయిపోతాయి. గారెలు తీసుకెళ్లను, దారిలోనే మెత్తబడతాయి. నా పేరు పలకడం రాని ముసలివాళ్లు కూడా నన్ను చూడగానే "ఎల్లో రైస్ తెచ్చావా?" అని అడుగుతారు.

ఆ బల్లల దగ్గరే ఒక పెద్దాయన, "మీరు లూథరన్లలో ఎప్పుడు కలిశారు?" అని అడిగాడు. అమెరికా వచ్చాక కలిశామనుకున్నాడు. మన దగ్గరికి వచ్చిన లూథరన్ మిషనరీ ఫాదర్ హయ్యర్ సంగతి చెప్పాను. 1842 జులై 31న గుంటూరు వచ్చిన మనిషి, తర్వాత మన పల్నాడులో గురజాల దాకా వచ్చి పనిచేశాడు, మళ్లీ అమెరికా వెళ్లి ఇదే మిన్నెసోటాలో 1860లో సినడు, అంటే లూథరన్ సంఘాలన్నీ కలిసిన మండలి పెట్టినప్పుడు దానికి మొదటి అధ్యక్షుడయ్యాడు, డెబ్బై దాటాక తిరిగి మన వైపే వచ్చి రాజమండ్రిలో ఉన్నాడు అని. "అంటే మీ సినడు కంటే మా గుంటూరు మిషన్ పద్దెనిమిదేళ్లు పెద్దదండీ" అన్నాను. ఆయన కాసేపు ఏమీ అనలేదు. లేచి వెళ్లి నాకోసం నిమ్మకాయ బార్ అనే తీపి ముక్క ఒకటి తెచ్చి ప్లేట్లో పెట్టాడు. సగం కోయకుండా, మొత్తం ముక్క.

ఇక్కడి తెలుగు కూడిక సంగతి కూడా చెప్పాలి. నెల్లూరు బాప్టిస్టులు, హైదరాబాద్ వాళ్లు, మనలాంటి లూథరన్లు, పెంతెకొస్తు వాళ్లు, అందరం కలిసే. వాట్సాప్‌లో లిస్టు పెట్టగానే బిర్యానీ, చికెన్, ఇంకో చికెన్ అని టకటకా రాసేస్తారు. పప్పు ఎవరూ రాయరు. ప్లేట్లు, నీళ్ల సీసాలు అస్సలు రాయరు. చివరికి అవన్నీ పాస్టరమ్మ గారి నెత్తిన పడతాయి. మీ పాస్టరమ్మ గారికి ఈ ముక్క గట్టిగా చదువు.

కాబట్టి నా సలహా ఇది. అన్నం, పప్పు, కోడి కూర గుండిగల్లోనే వండించండి. ఓపికా ఇష్టమూ ఉన్నవాళ్లు పచ్చళ్లు తేవచ్చు. గోంగూర, పండుమిరప, దోసావకాయ, ఏదైనా సరే. చర్చికి తేగానే సంఘం బేసిన్లలోకి మార్చేసి, ఇంటి డబ్బాలు వెనక గదిలో పెట్టేయండి, పేర్లు బయటికి రాకూడదు. అరిసెలూ అంతే. ఇక్కడి పద్ధతుల్లో తీసుకోదగ్గది ఒకటుంది. రాలేని పెద్దవాళ్లకూ మంచాన ఉన్నవాళ్లకూ జనం తినకముందే డబ్బాలు కట్టి పక్కన పెడతారు, మిగిలింది పంపడం కాదు. అది మన కుర్రాళ్లకు అప్పగిస్తే సైకిళ్ల మీద అరగంటలో ఇచ్చి వస్తారు.

కోత పండక్కి వచ్చిన కానుకల వేలంలో నా పేరు మీద ఓ నాటుకోడిని పాడు, డబ్బులు తమ్ముడి అకౌంటులో వేస్తాను. నాన్న పోటీకొచ్చి రేటు పెంచకుండా చూసుకో, పోయినసారి గుమ్మడికాయకు అదే చేశాడు.

వచ్చే ఆదివారం ఇక్కడ పాట్‌లక్ ఉంది, సున్నుండలు చేద్దామనుకుంటున్నాను. మినుములు ఎంతసేపు వేయించాలో, కిలోకి బెల్లం ఎంతో శుక్రవారం లోపల చెప్పు. ఇక్కడ నెయ్యి డబ్బా ఖరీదు చూసుకుని చెయ్యాలి, కాబట్టి నెయ్యి కొలత కూడా చేత్తో చూపించకుండా గ్లాసుల్లో చెప్పు.

పిల్లలు అమ్మమ్మకూ తాతయ్యకూ వందనాలు చెప్పమన్నారు.

మీ పెద్దమ్మాయి