చిన్నాకు, జనరల్ సో చికెన్ గురించి

కాకినాడ

చిరంజీవి చిన్నాకు అమ్మ ఆశీస్సులు.

మొన్న ఫోనులో నువ్వు "రక్తపోటు 142, 92 ఉందమ్మా, ఇప్పుడే మాత్రలు వద్దన్నారు, మూడు నెలలు తిండి మార్చి చూడమన్నారు" అని చెప్పి, వెంటనే అక్కడి వాన గురించి మాట్లాడావు. నేనూ వాన గురించే మాట్లాడాను. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఫోనులో ఏం చెప్పినా నువ్వు "సరే అమ్మా" అంటావు, మాట అక్కడితో ఆగిపోతుంది. అందుకని కాగితం మీద రాస్తున్నాను. చదివి ఫ్రిజ్ తలుపుకు అంటించుకో.

నీకు ఇరవై తొమ్మిదేళ్లు. మీ నాన్నగారికి రక్తపోటు ఉందని తెలిసింది ముప్పై ఎనిమిదో ఏట. యాభై మూడో ఏట ఆయన ఎడమ చెయ్యి పడిపోయినప్పుడు నువ్వు ఇంజనీరింగ్ రెండో సంవత్సరంలో ఉన్నావు. సెలవులకు వస్తే ఆయన చొక్కా గుండీలు నువ్వే పెట్టేవాడివి. అదంతా నీకు నేను గుర్తు చేయనక్కర లేదు. నీకు తెలియని సంగతి ఒకటి ఉంది. ఆయనకు రక్తపోటు అని తెలిసిన రోజే నేను ఆవకాయ జాడీ అటక మీద పెట్టించాను. అప్పడాలు మాన్పించాను. కూరల్లో, చారులో ఉప్పు సగానికి తగ్గించాను. ఆయన ఒక్క మాట అనలేదు. నెల రోజుల తరువాత చొక్కా ఉతకబోతే జేబులో నూనె మరకల కాగితం దొరికింది. ఇంట్లో చప్పిడి అన్నం నోట పెట్టలేక, ఆఫీసు ముందు బండి దగ్గర రోజూ సాయంత్రం పకోడీలు తినేవారట. నేను ఉప్పు తీసేశాను గానీ ఆ ఖాళీలో ఏ రుచీ పెట్టలేదు. ఆ పొరపాటు నీ దగ్గర మళ్లీ చేయను. అందుకే శుక్రవారం నువ్వు చైనీస్ హోటల్ నుంచి పార్సిల్ తెప్పించుకుని తినే జనరల్ సో చికెన్ మానెయ్యమని చెప్పను.

పోయిన ఏడాది అమెరికాలో కొలంబస్‌లో నీ దగ్గర ఉన్న ఐదు నెలల్లో ఆ పార్సిల్ నేనూ తిన్నాను. మొదటిసారి నచ్చింది. పైన కరకరలాడుతుంది, లోపల మెత్తగా ఉంటుంది, ఎర్రగా మెరుస్తూ ఆ పాకం. నాలుగో ముక్కకు మాత్రం నాకు అరిసెల పాకం గుర్తుకు వచ్చింది. కోడిమాంసాన్ని పాకం పట్టినట్టుంది. ఆ తీపి వెనక ఎంత ఉప్పు దాగి ఉందో నాలుకకు తెలియదు. రాత్రంతా నీళ్లు తాగుతూ ఉంటే అప్పుడు తెలుస్తుంది. నువ్వు మంచం పక్కన సీసా పెట్టుకుని పడుకోవడం నేను చూశాను.

"ఇంట్లోనే చేసుకుంటానులే" అని ఇంటర్నెట్‌లో దొరికిన తయారీ విధానం నాకు పంపావు కదా, నిన్న దాన్ని పెట్టుకుని లెక్క వేశాను. ముప్పై ఏళ్లు రసాయనశాస్త్రం చెప్పినదాన్ని, లెక్క వేయకుండా ఉండలేను. అందులో నలుగురికి చక్కెర అరకప్పు, సోయా సాస్ అరకప్పు. అరకప్పు చక్కెర 100 గ్రాములు. మనిషికి 25 గ్రాములు, అంటే ఆరు చిన్న చెంచాలు. సోయా సాస్ అరకప్పు అంటే ఎనిమిది పెద్ద చెంచాలు. మామూలు సోయా సాస్‌లో ఒక్కో పెద్ద చెంచాకు సోడియం సుమారు 900 మిల్లీగ్రాములు ఉంటుంది. ఎనిమిదికి 7,200. నాలుగు భాగాలు చేస్తే ఒక్కొక్కరికి 1,800. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకు రోజు మొత్తానికి చెప్పే హద్దు 2,000, అంటే ఉప్పుగా చూస్తే 5 గ్రాములు. ఒక్క పూట కూరలోనే రోజు కోటా దాదాపు అయిపోతోంది. పైగా నలుగురికి అని రాసినది మీరిద్దరు కుర్రాళ్లు ఒక్క పూటలో ఖాళీ చేస్తారని నాకు తెలుసు. ఇంట్లో చేసినంత మాత్రాన మంచిది అయిపోదు చిన్నా. ఆ కాగితం చించెయ్యి.

అందరూ అజినమోటోను తిడతారు. బరువుకు బరువు చూస్తే ఉప్పులో ఉన్న సోడియంలో మూడో వంతు కూడా అందులో ఉండదు. నువ్వు చూడాల్సింది సోయా సాస్ సీసాను.

ఇక నాకు ఎంతో సంతోషం కలిగించిన సంగతి. మీ ఊరి గ్రంథాలయంలో మధ్యాహ్నాలు కూర్చునేదాన్ని కదా, అక్కడ ఈ వంట పుట్టుక గురించి చదివాను. జనరల్ సో అనే చైనా సేనాని నిజంగా ఉన్నాడు. అసలు పేరు జో జోంగ్‌తాంగ్, హునాన్ రాష్ట్రం వాడు, 1812లో పుట్టి 1885లో పోయాడు. కానీ ఈ వంటను ఆయన ఎన్నడూ రుచి చూడలేదు, ఎందుకంటే అది 1950ల నాటిది. చేసినవాడు పెంగ్ చాంగ్ క్వేయ్ అనే వంటమనిషి. ఆయనదీ హునానే. 1949లో, చైనాలో కమ్యూనిస్టుల చేతిలో ఓడిన జాతీయవాదులతో పాటు తైవాన్ వెళ్లిపోయి, అక్కడ విందుల కోసం వండిన కొత్త వంటకానికి తన ప్రాంతపు సేనాని పేరు పెట్టాడు. 1970లలో న్యూయార్క్‌లో వాంగ్ అనే మరో వంటమనిషి దానికి తీపి కలిపి, పైపూత కరకరలాడేలా చేశాడు. 1973లో పెంగ్ స్వయంగా న్యూయార్క్ వచ్చి హోటల్ పెట్టేసరికే ఆ తీపి రకం జనం నాలుకకు ఎక్కింది. అక్కడివాళ్ల కోసం ఆయన కూడా తన వంటను మార్చుకోవలసి వచ్చింది. 2016లో, 98వ ఏట, తైపేలో కన్నుమూశాడు. తాను మొదట చేసినదానిలో చక్కెర లేదని, అది పులుపు, కారం, ఉప్పు గట్టిగా తగిలే హునాన్ రుచి అని పెద్దవయసులో కూడా చెప్పేవాడు.

ఇది చదివాక నాకు ఆ వంట మీద చనువు వచ్చింది. హునాన్ వాళ్లకు మిరపకాయ అంటే ప్రాణం, పులుపు అంటే ప్రాణం. గోంగూర వేసి కోడిని వండుకునే మనకు ఆ మనిషి మనసు అర్థం కాదా? పులుపు, కారం సరిగా పడితే ఉప్పు తక్కువైనట్టు నాలుకకు తెలియదు. చింతపండు చారులో సగం ఉప్పు వేసినా తాగగలం. పప్పులో వేసి చూడు, తినలేవు. మీ నాన్నగారి వంటలో నేను చేయని పని ఇదే. కాబట్టి నేను చెప్పబోయేది పథ్యం కూర అనుకోకు. పెంగ్ మొదట వండినదానికి నీ శుక్రవారం పార్సిల్ కంటే ఇదే దగ్గర.

నీ వంటింట్లో నాలుగుసార్లు చేశాను, గుర్తుందా? మొదటిసారి నూనె అసలు వద్దని ముక్కలకు పిండి అద్ది ఓవెన్‌లో పెట్టాను. పైన తెల్లటి పొడి పొడిగానే మిగిలింది, లోపల ముక్క ఎండిపోయింది. పిండికి తడి, నూనె రెండూ తగలకపోతే అది ఉడకదు, రంగూ రాదు. నువ్వు పాపం మాట్లాడకుండా తిన్నావు. రెండోసారి రొమ్ము ముక్కలు వాడాను, పీచులా వచ్చాయి. మూడోసారి పెనం మరీ వేడెక్కి పొగ అలారం మోగింది, కింది ఇంటివాళ్లు పైకి వచ్చారు. నాలుగోసారి కుదిరింది. ఆ నాలుగోదే ఇక్కడ రాస్తున్నాను. ముగ్గురికి సరిపోతుంది. మీ ఇద్దరికీ, మర్నాడు నీ మధ్యాహ్నం డబ్బాకూ.

ఎముక, చర్మం తీసిన తొడ మాంసం ఒక పౌండు తెచ్చుకో. ప్యాకెట్ వెనక చిన్న అక్షరాలు చదువు. అక్కడ కొన్ని కంపెనీల చికెన్‌కు బరువు, మెత్తదనం కోసం ఉప్పునీళ్లు ఎక్కిస్తారు. ఆ మాట ప్యాకెట్ మీద రాసే ఉంటుంది. అది వద్దు. అంగుళం ముక్కలు కోసి, కాగితంతో తడి బాగా ఒత్తి తీసెయ్యి. ఈ పని మాత్రం తొందరపడి చేయకు, తడి ఉంటే ముక్క వేగదు, ఉడుకుతుంది. ఒక గుడ్డు తెల్లసొన, సోడియం తగ్గించిన సోయా సాస్ ఒక పెద్ద చెంచా, మిరియాల పొడి కొద్దిగా కలిపి పావుగంట ఉంచు. తరువాత కార్న్‌ఫ్లోర్ మూడు పెద్ద చెంచాలు చల్లి చేత్తో కలుపు. మనం ఇక్కడ కార్న్‌ఫ్లోర్ అనేదాన్ని అక్కడ కార్న్ స్టార్చ్ అంటారు. అక్కడ కార్న్ ఫ్లోర్ అని అడిగితే మొక్కజొన్నలు విసిరిన పచ్చటి పిండి ఇస్తారు. నేను ఒకసారి అదే తెచ్చాను.

పోత ఇనుము పెనం మీద నూనె రెండు పెద్ద చెంచాలు. మొత్తం మీద 240 కెలరీలు, ముగ్గురు పంచుకుంటే మనిషికి 80. పొయ్యి మంట మధ్యస్థం కంటే కొంచెం ఎక్కువ. కిటికీ తెరిచి పెట్టు, ఫ్యాను వెయ్యి. ముక్కలు ఒకదానికొకటి తగలకుండా రెండు విడతలుగా వెయ్యి. వేశాక మూడు నిమిషాలు కదపకు. నీకు అట్లకాడతో కెలకడం అలవాటు, చేతులు కట్టుకుని నిలబడు. కింద బంగారు రంగు వచ్చాక తిప్పి ఇంకో మూడు నిమిషాలు. లోపల 165 డిగ్రీల ఫారన్‌హీట్ రావాలి. సొరుగులో థర్మామీటర్ పెట్టి వచ్చాను, దానితో ఒక పెద్ద ముక్కను గుచ్చి చూడు. తీసి పళ్లెంలో పెట్టుకో.

పులుసుకు ముందే గిన్నెలో అన్నీ కలిపి పెట్టుకోవాలి: సోడియం తగ్గించిన సోయా సాస్ ఒక పెద్ద చెంచా, టమాటా పేస్టు ఒక పెద్ద చెంచా, బియ్యపు వినిగర్ ఒక పెద్ద చెంచా, నీళ్లు అరకప్పు, కార్న్‌ఫ్లోర్ ఒక చిన్న చెంచా. చక్కెర ఒక్క చిన్న చెంచా, మొత్తానికి 4 గ్రాములు. మొదటి నెల వేసుకో, రెండో నెల అర చెంచా చేయి, తరువాత నీకే అవసరం అనిపించదు. వినిగర్ సీసా కొనేటప్పుడు జాగ్రత్త. పక్కపక్కనే రెండు రకాలు ఉంటాయి, సుషీ అన్నానికి వాడేదానిలో చక్కెర, ఉప్పు ముందే కలిపి ఉంటాయి. ఏమీ కలపనిది తీసుకో.

అదే పెనంలో చిన్న చెంచా నూనె వేసి ఎండుమిరపకాయలు వేయించు. గుంటూరు కాయలైతే నాలుగు చాలు, తుంచి గింజలు దులిపెయ్యి. నల్లబడితే చేదు, ఎరుపు ముదిరితే చాలు. అల్లం తురుము, వెల్లుల్లి తురుము ఒక్కో పెద్ద చెంచా. ఇక్కడ పిసినారితనం పనికిరాదు, రుచి అంతా దీనిలోనే ఉంది. పచ్చివాసన పోయాక గిన్నెలోది పోసి, చిక్కబడగానే పొయ్యి ఆపి, అప్పుడు ముక్కలు వేసి కలుపు. చివర ఇంకో చిన్న చెంచా వినిగర్, అర చెంచా నువ్వుల నూనె, బోలెడు ఉల్లికాడలు. మొదట పోసిన వినిగర్ ఘాటు వేడికి కొంత ఎగిరిపోతుంది. దించాక వేసినదే ముక్కుకు తగిలి నోట్లో ఉప్పు లోటు కప్పుతుంది. పార్సిల్‌లో ముక్కలు పాకంలో మునుగుతాయి, ఇందులో పులుసు ముక్కను పట్టుకుని ఉంటుంది, అంతే.

రెండు పెద్ద చెంచాల సోయా సాస్ నుంచి మనిషికి వచ్చే సోడియం 400 మిల్లీగ్రాముల లోపే. 1,800 ఎక్కడ, ఇది ఎక్కడ! వేరే ఉప్పు వేయకు. బ్రోకలీ ఒక పెద్ద పువ్వు ఆవిరి మీద రెండు నిమిషాలు పెట్టి, పచ్చగా ఉండగానే తీసి పళ్లెంలో సగం అదే పెట్టుకో. అన్నం ఒక కప్పు. ఫ్రైడ్ రైస్ తెప్పించుకుంటే ఈ కష్టమంతా వృథా, అందులో మళ్లీ సోయా సాసే.

ఇది తింటే రక్తపోటు దిగిపోతుందని నేను నీకు మాట ఇవ్వలేను. మూడు నెలల తరువాత డాక్టరు మాత్ర రాస్తే వేసుకో, వాయిదా వెయ్యకు. మీ నాన్నగారు రెండేళ్లు వాయిదా వేశారు. వారానికి రెండుసార్లు ఉదయం, కూర్చుని ఐదు నిమిషాలు ఆగి, రక్తపోటు చూసుకుని ఆ అంకెలు నాకు పంపు. బాగున్న రోజు ఒక్కటే ఏరి పంపకు, అన్నీ పంపు.

నిన్న ఇక్కడ కూడా ఇదే చేశాను. మీ నాన్నగారు కుడిచేత్తో ముక్క విరుచుకుని తిని, "దీనిలో ఉప్పు ఎంత వేశావు?" అని అడిగారు. "అసలు వేయలేదు" అన్నాను. నమ్మలేదు. ఇంకో రెండు ముక్కలు వడ్డించుకున్నారు.

ఆ పోత ఇనుము పెనాన్ని రాత్రంతా నీళ్లలో నానబెట్టకు. వేడిగా ఉండగానే కడిగి, పొయ్యి మీద ఆరబెట్టి, చుక్క నూనె రాసి పెట్టు. నేను ఐదు నెలలు పట్టి నలుపు ఎక్కించాను.

ఉంటాను.

అమ్మ